తేలు బొమ్మ పుస్తకం

పుస్తకం పోయింది. ఉత్తగా పోయినా బాగుండేది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. అదీ అసలు గొడవ.

గురువారం. అంగడి రోజు. ఉదయం ఎనిమిది గంటలకు ఇబ్రహీంపట్నం ఠాణా అమీన్ సాహెబు ఇద్దరు జవాన్లను వెంటేసుకుని మోటరు అడ్డా ఎదుటి వాచనాలయంలోకి జొరబడ్డాడు. బల్ల మీద ఆరు పుస్తకాలు వరుసగా ఉన్నాయి. అన్నిటికీ బెల్లం దుకాణం కాగితంతో అట్టలు. పేర్లు లేవు. ఒక్కో అట్ట మీద ఎర్రటి జాజు రంగుతో వేసిన ఒక్కో బొమ్మ. నాగలి, గంట, జాడీ, చుక్క, పడవ, తేలు.

అమీన్ మిగతావాటి వంక చూడలేదు. సూటిగా తేలును పట్టుకున్నాడు. తెరిచాడు. పెద్ద అక్షరాల నినాదం ఒకటి కళ్లబడింది.

"పకడో!" అన్నాడు.

అది సర్కారు నిషేధించిన తెలుగు పుస్తకం. దగ్గర దొరికితే జైలు.

వాచనాలయం చూసుకునే నారయ్యను లాకప్‌లో వేశారు. గదికి తాళం పడింది. కేసు మాత్రం తెచ్చి జమేదార్ ఇశ్రాయేలు నెత్తిన పెట్టారు.

"సాయంత్రం మోటరుకు రిపోర్టు పట్నం పోవాలె," అన్నాడు అమీన్. "తేలు బొమ్మ పుస్తకం రాసింది భూలక్ష్మి. పెట్టింది నారయ్య. ఇద్దరి పేర్లు రాయి. వాచనాలయం బంద్ చెయ్యాలని రాయి. ఆమె పుస్తకం అచ్చయ్యే ప్రెస్సుల ఉన్న కాపీలన్ని జప్తు చెయ్యాలని రాయి."

"విచారణ, సార్?"

"చెప్పిన గదా. అదే విచారణ."

"ఖబర్ ఎవరిచ్చిన్రు సార్?"

"ఎవడో రాత్రి కిటికీల నుంచి ఒర్రి పోయిండు. నీకెందుకు? రాయి."

అది నలభై మూడో సంవత్సరం. నైజాం సర్కారులో తెలుగు పుస్తకాల గది తెరవాలంటే ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. సభ పెట్టాలంటే ఇజాజత్ కావాలి. దగ్గడానికి మాత్రం ఇంకా అడగలేదు. ఒకసారి మూతపడ్డ గది మళ్లీ తెరుచుకున్న దాఖలా తాలూకాలో ఎక్కడా లేదు.

ఇశ్రాయేలుకు యాభై దాటాయి. మోకాళ్లు మొరాయిస్తాయి, మీసం మొరాయించదు. చిన్నప్పుడు మిషన్ బడిలో తెలుగు నేర్చాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఠాణాలో ఉర్దూ రాస్తున్నాడు. డిటెక్టివ్ నవలలంటే చెవి కోసుకుంటాడు. జమేదారు నవలలు చదువుతాడని తెలిస్తే దొంగలకు భయం పోతుందని, వాచనాలయం నుంచి భార్య సుసన్న పేరు మీద తెప్పించుకుంటాడు. సుసన్నకు అక్షరం ముక్క రాదని ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

ఆ వాచనాలయానికి ఒక పద్ధతి ఉంది. ఊరూ పేరూ లేనివాళ్లు, ఏ పెద్దమనిషి సిఫారసూ లేకుండా తామే రాసి తామే అచ్చేయించుకున్న పుస్తకాలు అక్కడికి చేరేవి. రావిర్యాల వడ్రంగి ఒకాయన చుక్కల మీద రాశాడు. మహేశ్వరం గొల్లాయన పశువుల రోగాల మీద చెప్పి రాయించాడు. పచ్చళ్ల మీద ఒకటి, పడవ ప్రయాణం మీద ఒకటి. అంగడి రోజు సాయంత్రం ఒక్కోదాంట్లో మొదటి పది పుటలు పైకి చదువుతారు. రాసిందెవరో చెప్పరు. పేరు చెబితే కులం తెలుస్తుంది. కులం తెలిస్తే చెవులు మూసుకునేవాళ్లూ వినకముందే దండం పెట్టేవాళ్లూ బయల్దేరతారు. అందుకే పేరుకు బదులు బొమ్మ. మిగతాది కూడా వినాలనిపిస్తే ఆ బొమ్మ ముందున్న ముంతలో ఒక చింతగింజ వేస్తారు. ముంత నిండిన పుస్తకాన్ని పూర్తిగా చదువుతారు, పక్క ఊళ్లకు కబురు పెడతారు. పట్నంలో పండితులు చేయని పనిని ఇక్కడ చింతగింజలు చేసేవి.

తేలు బొమ్మది డిటెక్టివ్ నవల అని ఇశ్రాయేలు చెవిన పడి వారమైంది. ఆ వారమంతా గురువారం కోసమే ఎదురుచూశాడు. ఇప్పుడు ఆ గురువారమే అతని చేతికి సంకెళ్లిచ్చింది, వేయమని.

వేస్తాను, కాని చూసి వేస్తాను అనుకున్నాడు.

లాకప్ దగ్గరికి పోయాడు.

"నారయ్యా. తేలు బొమ్మ పుస్తకం నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దుమూకే యాళ్లకు సార్. భూలక్ష్మమ్మ తెచ్చిచ్చింది. అట్ట ఆమెనే ఏసుకున్నది, బొమ్మ ఆమెనే గీసుకున్నది."

"తెరిచి చూసినవా?"

"సూసిన. కతల పుస్తకమే. మొదటి పుట సదివిన. ఒల్లు జలదరించింది సార్!"

"తర్వాత గదిల ఎవరెవరున్నరు?"

"ఆమె పోయింది. ఎల్లస్వామి ఉండె. కిష్టారెడ్డి పటేలు అఖ్బార్ సూస్త అని వచ్చి కూసున్నడు. నేను లాంతరుకు గాసునూనె తేను జర బయటికి పోయిన."

"వచ్చినంక?"

"ఆరు బొమ్మలు ఆరు తీర్ల ఉన్నయి. లోపల సూడలే. తాళమేసుకొని పోయిన."

"పొద్దున తాళం?"

"ఏసింది ఏసినట్టే ఉండె."

అంటే పని జరిగింది ఆ కాస్త సేపట్లోనే. గదిలో ఉన్నది ఇద్దరు. నారయ్యను కలిపితే సస్పెక్టులు ముగ్గురు.

ఎల్లస్వామిని పిలిపించాడు. నాగలి బొమ్మ అతనిది. శేరిగూడ మనిషి. యక్షగానాలు కడతాడు. వీధి బడిలో తెలుగు తప్ప ఇంకో అక్షరం ఎరగడు. కోపం మాత్రం అన్ని భాషల్లోనూ వస్తుంది.

"భూలక్ష్మి పుస్తకం అంటే నీకు మంట అట గదా?"

"మంటనే. శవాల కత అంటే జనం చెవులు నిక్కబొడుస్తరు. నా పద్యం అంటే కునుకు తీస్తరు. మంట ఉండదా?"

"తీసినవా మరి?"

"తీసేటోన్నయితే పడవను కూడ తీస్తును. పోయిన అంగడికి దాని ముంత నిండింది, నాది నిండలే."

"పటేలు గదిల ఏం చేసిండు?"

"అఖ్బార్ చదివిండు. నేను ముంతలు కడగను వాకిట్లకు పోయిన. వచ్చేసరికి పటేలు లేడు."

"నువ్వు వాకిట్లకు పోయినవన్న సంగతి ఎవరన్న చూసిన్రా?"

"ముంతలు చూసినయి," అన్నాడు ఎల్లస్వామి కసిగా.

ఇశ్రాయేలుకు నవ్వొచ్చింది. మీసం వెనక దాచుకున్నాడు.

అంతలో భూలక్ష్మి తనే ఠాణాకు వచ్చింది. పిలవకుండా ఠాణాకు వచ్చిన రెడ్ల ఇంటి ఆడమనిషిని జవాన్లు అదే మొదటిసారి చూడటం. ఒకడు లేచి నిలబడ్డాడు, మళ్లీ ఎందుకు లేచానా అని కూర్చున్నాడు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు పోయి నాలుగేళ్లు.

"నారయ్యను ఇడువుండ్రి జమేదారు. పుస్తకం నాది. పట్టుకుంటే నన్ను పట్టుకోండ్రి."

"జర కూసో అమ్మ. ఇది నీదేనా?"

బల్ల మీది పుస్తకాన్ని ముందుకు తోశాడు. తేలు ఆమె వైపుకు ఉంది. ఆమె చేతిలోకి తీసుకుని తెరవబోయింది. బొటనవేలు జారింది. ఒకసారి చూసుకుని, పుస్తకాన్ని తిరగేసి తెరిచింది. నాలుగు పుటలు చూసి బల్ల మీద పెట్టేసింది.

"నాది కాదు. గీ బొమ్మ కూడ నాది కాదు. ఎవలో నా బొమ్మను చూసి గీసిన్రు."

"అమీన్ సాబ్ నమ్మడు."

"నాకు ఎరుక."

"నీ కతల ఏమున్నది?"

ఆమె కొంగు సర్దుకుని చెప్పింది. 

"ఒక రైతు సచ్చిపోతడు. దస్కత్ చెయ్యొచ్చినోడు. ఆఖరు దినం దాక దస్కతే చేసిండు. కాని పొలం తమ్మునికి రాసిచ్చినట్టు కాయితం మీద వేలిముద్ర ఉంటది. దస్కత్ వచ్చినోడు వేలిముద్ర ఎందుకేస్తడు? గా సంగతి పట్టుకుంటది ఆయన పెండ్లాం. తమ్ముడు పానం పోయినంక వేలు పట్టి ముద్ర ఏయించుకున్నడని తేలుస్తది."

ఇశ్రాయేలు కలం కింద పెట్టాడు. భూలక్ష్మి మొగుడు సంతకం చేసేవాడని ఊళ్లో అందరికీ తెలుసు. అతని పొలం ఇప్పుడు మరిది కిష్టారెడ్డి దున్నుతున్నాడనీ తెలుసు. రోగంతో చెయ్యి వణికి ముద్ర వేశాడని కిష్టారెడ్డి అన్నాడు. పెద్దమనుషులు తలూపారు. కథ అక్కడితో అయిపోయింది.

"దావా ఎయ్యలేదా అమ్మ?"

"సాక్షి ఏడున్నడు? ఆ రాత్రి ఆయన దగ్గరికి నన్ను పోనియ్యలే. నేను కండ్లార చూడలే. దావాకు సాక్షి కావాలె, కతకు అక్కర లేదు. అందుకే కత రాసిన. పది మందిల చదివిస్త అని మరిదికి ముందుగాలనే చెప్పిన. దొంగలెక్క ఎందుకు రాస్త?"

ఈమెకు భయం ఉగ్గుపాలనాడే పోయినట్టుంది అనుకున్నాడు ఇశ్రాయేలు. ఆమెను చూస్తుంటే తన ఇరవై ఏళ్ల నౌకరీ మీద తనకే సిగ్గేసింది.

బయట గూడు కట్టిన కచ్చడం ఎడ్లబండి ఆగింది. కిష్టారెడ్డి దిగాడు. శేర్వాణీ, రూమీ టోపీ. పట్నంలో ఉర్దూ మదర్సాలో చదివి, దేశ్‌ముఖ్ కచేరీలో కాగితాలు రాసే మనిషి. ఇశ్రాయేలును పలకరించకుండా కుర్చీ లాక్కున్నాడు.

"జమేదార్, ఇంటి పరువు. మా వదినెకు మతి సక్కగ లేదు. నా జమానతు మీద ఇంటికి తోలుకపోత. ఇగ మల్ల కలం పట్టదు. వాచనాలయం మూసేస్తే కతనే లేదు. అమీన్ సాబ్‌తోని మాట్లాడిన."

"నేను రాను," అంది భూలక్ష్మి.

"రాకుంటే జైలుకు పోతవ్."

"పోత. నీ ఇంట్ల కన్న గాడ గాలి ఎక్కువొస్తది."

కిష్టారెడ్డి ముఖం జేవురించింది. ఇశ్రాయేలు మధ్యలోకి వచ్చాడు.

"పటేలా, నిన్న సందెకు వాచనాలయంల ఉన్నవట?"

"అఖ్బార్ చూసిన. తప్పా?"

"తేలు బొమ్మ పుస్తకం ముట్టినవా?"

"తెలుగు పుస్తకాలు నేను చదువ. చదవబుద్ధి కాదు."

"మంచిది. సాయంత్రం అంగడి కాడికి రా పటేలా. ఒక్క చిన్న పని. బొమ్మలు పోల్చి చూసుడు. అది అయిపోతే రిపోర్టు పట్నం పోతది."

రిపోర్టు పోతుందనగానే కిష్టారెడ్డి చల్లబడ్డాడు. వస్తానన్నాడు.

అందరూ పోయాక ఇశ్రాయేలు ఒంటరిగా కూర్చున్నాడు. తేలు బొమ్మ పుస్తకం ముందేసుకున్నాడు. పొద్దున ఇది తను తెరిచాడు. అమీన్ తెరిచాడు. ఇద్దరికీ చక్కగా తెరుచుకుంది. ఆమెకు ఎందుకు తెరుచుకోలేదు? ఎందుకు తిరగేసింది?

మళ్లీ తెరిచాడు. తెరుచుకుంది. మూశాడు.

ఠాణా రిజిస్టరు తీశాడు. తెరిచాడు, మూశాడు. సొరుగులోంచి తన బైబిలు తీశాడు. తెరిచాడు, మూశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో తన కుడి చెయ్యి మీద ఒక్కటిచ్చుకున్నాడు.

"ఇరవై ఏండ్లల నిన్ను ఎట్ల తయారు చేసిన్రే!" అన్నాడు చేతితో.

సాయంత్రం అంగడి నిండుగా ఉంది. కూరగాయలు, మేకలు, కుండలు. వాచనాలయం మెట్ల ముందు జనం మూగారు. తలుపుకు సర్కారు తాళం వేలాడుతోంది. పట్నం పోయే మోటరు ఇంకా రాలేదు.

ఇశ్రాయేలు మెట్ల మీద ఒక బల్ల వేయించాడు. ముగ్గురినీ పిలిచాడు. నారయ్య, ఎల్లస్వామి, కిష్టారెడ్డి. భూలక్ష్మి ఒక పక్కన నిలబడింది. అమీన్ సాహెబు కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు.

బల్ల మీద మూడు పుస్తకాలు. మూడిటికీ కొత్త కాగితం అట్టలు. బొమ్మల్లేవు. పక్కన చిన్న చిప్పలో తడిపిన జాజు.

"ఇవి మూడు తెలుగు పుస్తకాలే. తలా ఒకటి తీసుకోండ్రి. ముందటి అట్ట మీద తేలు బొమ్మ గీయుండ్రి. ఎవరి తేలు ఎట్లుంటదో చూస్తం."

నారయ్య ముందుగా గీశాడు. అతని తేలు బొద్దింకలా వచ్చింది. జనం నవ్వారు. ఎల్లస్వామి దానికి ఆరు కాళ్లు ఎక్కువ పెట్టి, కొండిని ఆకాశానికెత్తాడు. కిష్టారెడ్డి నవ్వుకుంటూ గీశాడు. దొరికిన పుస్తకం మీది తేలుకు కొండి పైకి తిరిగి ఉంది. ఇతను కావాలని కిందికి తిప్పాడు. కాళ్లు కూడా పొట్టిగా వేశాడు. పోలిక లేశమైనా రాకుండా జాగ్రత్తపడ్డాడు.

"చూసుకో," అని పుస్తకం బల్ల మీద పడేశాడు.

అమీన్ వంగి చూశాడు. "ఏ తేలు కలుస్తలేదు. చలో, రిపోర్టు ఇయ్యి."

"తేలును చూడకుండ్రి సార్. తేలు పడ్డ జాగను చూడుండ్రి."

ఇశ్రాయేలు గొంతు పెద్దది చేశాడు. అంగడి సగం ఇటు తిరిగింది.

"నారయ్య గీసిండు. బొమ్మ మన దిక్కు ఉంటే పుస్తకం కుట్టు ఎడమ దిక్కు ఉన్నది. ఎల్లస్వామి గీసిండు. కుట్టు ఎడమ దిక్కే. తెలుగు పుస్తకం గట్లనే ఉంటది. పటేలు గీసిండు." ఆ పుస్తకాన్ని పైకెత్తి చూపించాడు. "కుట్టు కుడి దిక్కు వచ్చింది. అంటే బొమ్మ పడ్డది వెనక అట్ట మీద."

"అయితే?" అన్నాడు కిష్టారెడ్డి.

"ఉర్దూ కితాబు కుడి దిక్కు నుంచి మొదలైతది పటేలా. మనకు వెనకది వాళ్లకు ముందటిది. చిన్నప్పటి సంది ఉర్దూ చదివిన చెయ్యికి బొమ్మల్లేని, అక్షరం లేని అట్ట ఇస్తే, అది ముందటి దిక్కు అని ఏ దిక్కు పట్టుకుంటది?" పొద్దున దొరికిన పుస్తకాన్ని పక్కన పెట్టాడు. "ఇగో, నిషేధపు పుస్తకం. దీని మీద తేలు కూడ వెనక అట్ట మీదనే ఉన్నది. గీసినోడు భూలక్ష్మమ్మ బొమ్మను మంచిగనే నకలు కొట్టిండు. చెయ్యి మాత్రం తన అలవాటు విడువలే."

"మరి పొద్దున మనకు..." అమీన్ ఆగాడు.

"మనకు అనుమానం రాలే సార్. మనది గూడ గదే చెయ్యి. బొమ్మ దిక్కు తెరిస్తే ఆఖరు పుట వచ్చింది, నినాదం కండ్లబడ్డది, మన పని అయిపోయింది. భూలక్ష్మమ్మ పట్టుకుంటే తెరుచుకోలే. ఆమె వేలు కుట్టు మీద పడి జారింది. అది చూసి గూడ నేను మధ్యాన్నం దాక గుర్తుపట్టలే. అంత తెలివి మనది."

జనంలో నవ్వు. కిష్టారెడ్డి లేచాడు.

"ఉర్దూ చదివినోన్ని ఊళ్లె నేనొక్కన్నేనా? నువ్వు చదివినవ్. అమీన్ సాబ్ చదివిండు."

"అవ్, చదివినం. కాని నారయ్య నూనెకు పోయినప్పుడు ఆ గదిల ఉన్నది నువ్వు, ఎల్లస్వామి. ఎల్లస్వామి ఉర్దూ మొదటి అక్షరం అలీఫ్ అంటే ఆకుకూర అనుకుంటడు. ఇగ మిగిలింది ఎవరు?"

"ఉట్టి మాటలు. ఆ పుస్తకం నా దగ్గరున్నదా? చూపియ్యి!"

 ఇక్కడిదాకా మాటలు. ఇకముందుది చేత. ఎదుట ఆగి ఉన్న రెడ్ల బండిని మిషన్ బడి మనిషి సోదా చేయడం ఆ తాలూకా ఎన్నడూ చూడలేదు. దొరక్కపోతే రేపు ఒంటి మీద ఖాకీ ఉండదు, ఊళ్లో ఇల్లు ఉండదు. భయమేసింది. భయం వేసినా కాళ్లు మెట్లు దిగాయి.

"కాల్చేసి ఉంటే నేను ఓడిపోయిన పటేలా. కాని నువ్వు కాల్చలే. నాకెట్ల ఎరుకనో చెప్పాల్నా? నేను గూడ గసొంటి పుస్తకాలు చదివేటోన్ని. మా సుసన్న పేరు మీద." జనం గొల్లుమన్నారు. "మధ్యల ఇడిచిపెట్టుడు ఎవరితోని కాదు. అండ్ల దొంగవు నువ్వే. ఆఖరుకు దొంగ దొరుకుతడా లేదా? అది తెల్వకుంట ఎట్ల కాలుస్తవ్? తెలుగు నీకు ధారగ రాదు. ఒక్క రాత్రిల అయిపోదు. ఏడి దాక వచ్చినవ్?"

 కిష్టారెడ్డి కళ్లు ఒక్క క్షణం బండి వైపు పోయాయి. అది చాలు.

ఇశ్రాయేలు తనే బండి ఎక్కాడు. కూర్చునే మెత్త ఎత్తాడు. కింద గడ్డి. గడ్డిలో పుస్తకం. బెల్లం దుకాణం కాగితం అట్ట. దాని మీద కొండి ఎత్తిన తేలు, కుట్టు ఎడమ దిక్కున. ఇంకా పాతిక పుటలు మిగిలాయనగా ఒక పుట మూల మడత పెట్టి ఉంది.

అంగడి ఒక్కసారి హోరెత్తింది. ఎల్లస్వామి అందరికంటే గట్టిగా అరిచాడు. నారయ్య ఏడ్చాడు.

అమీన్ సాహెబు లేచాడు. ముఖం మాడింది. దేశ్‌ముఖ్ కచేరీ మనిషిని పట్టుకోవడం ఆయనకు కలలో కూడా ఇష్టం లేదు.

"బస్. ఇది ఇంటి పంచాయితీ. పుస్తకం దొరికింది, నారయ్యను వదిలెయ్యి. గదికి తాళం ఉండనియ్యి. పైకి చదువుడు గిట్ల లేదు. ఇజాజత్ లేకుండ సభ బంద్."

కిష్టారెడ్డి ఊపిరి పీల్చుకున్నాడు. పుస్తకం దొరికినా చదవకపోతే చాలు, అతను గెలిచినట్టే. భూలక్ష్మికి ఆ సంగతి అర్థమైంది. ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"నా పుస్తకం నాకియ్యుండ్రి. సభ లేకుంటే గీ అంగట్లనే ఒక్కొక్కరి కాడికి పోయి చదివి వినిపిస్త."

"ఇయ్యను అమ్మ," అన్నాడు ఇశ్రాయేలు.

ఆమె తెల్లబోయింది.

"ఇది ఎవిడెన్స్. దొరికిన సరుకుకు పంచనామా కావాలె." అమీన్ వైపు తిరిగి సలాం కొట్టాడు. మాట వినయంగానే ఉంది. మీసం మాత్రం లేచి ఉంది. "సార్, నిషేధపు కేసుల దొరికిన పుస్తకం. దీంట్ల గూడ నిషేధపు మాట ఉన్నదో లేదో పంచుల ముందట తేలాలె. రేపు పట్నంల పెద్ద సాబ్, ఇశ్రాయేల్ అసలు పుస్తకం చూడకుంటనే కేసు మూసినవా అని అడిగితే, మీ పేరు చెప్పాల్నా సార్?"

అమీన్‌కు దేవుడంటే ఎంత భయమో తెలియదు గాని పెద్ద సాబ్ అంటే మస్తు భయం.

"చూడు అయితే. జల్దీ."

"చూస్తే కాదు సార్. పంచులు గీ అంగడి జనమే, వాళ్లకు చదువు రాదు. పైకి చదివి వినిపియ్యాలె. అక్షరం ఇడువకుంట."

"పూరా?"

"పూరా సార్. సభ కాదిది. పంచనామా."

అమీన్ జనాన్ని చూశాడు. గడియారాన్ని చూశాడు. మోటరు వచ్చి ఆగింది. డ్రైవరు కూడా దిగి వచ్చి మెట్ల పక్కన కూలబడ్డాడు. అమీన్ కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరు చదువుతరు?"

"రాసినామె."

ఇశ్రాయేలు పుస్తకాన్ని భూలక్ష్మి చేతుల్లో పెట్టాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

మొదట గొంతు చిన్నగా ఉంది. రెండో పుటకు మేకలమ్మేవాళ్లు మేకల తాళ్లు చేత పట్టుకుని దగ్గరికి జరిగారు. ఐదో పుటకు కుండల దగ్గర మనిషి లేడు. కిష్టారెడ్డి రెండుసార్లు లేవబోయాడు. "సరుకు దొరికింది నీ బండిల పటేలా, పంచనామా అయ్యే దాక కూసోవాలె," అని రెండుసార్లూ ఇశ్రాయేలు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. రెండోసారి ఆ చెయ్యి కొంచెం బరువుగానే పడింది.

రైతు చనిపోయాడు. తమ్ముడు దీపం తెచ్చాడు. సిరా తెచ్చాడు. చల్లబడ్డ చేతిని ఎత్తి బొటనవేలు కాగితం మీద ఒత్తాడు.

భూలక్ష్మి అక్కడ ఆగింది. పుట మీద వేలు పెట్టి మరిదిని చూసింది. 

అప్పుడు జనం వెనక నుంచి ఒక ముసలామె లేచింది. కిష్టారెడ్డి ఇంట్లో తరతరాలుగా వెట్టి చేసే కుటుంబపు ఎంకమ్మ. దొర ఎదుట చెప్పులు వేసుకోని మనిషి, తలెత్తి మాట్లాడని మనిషి. వాకిలి ఊడవడానికి, ఎవరైనా పోతే పీనుగకు స్నానం చేయించడానికి తప్ప ఆ ఇంట్లో ఆమెకు పేరు లేదు. జనాన్ని తోసుకుంటూ మెట్ల దాకా వచ్చింది.

"ఎంకా!" అన్నాడు కిష్టారెడ్డి. ఆ ఒక్క మాటకే ఆమె నలభై ఏళ్లు కూర్చుంది. ఇవాళ కూర్చోలేదు.

"అమ్మ రాసింది కత కాదు," అంది. "ఆ పొద్దు పెద్ద పటేలు పీనుగకు నీళ్లు పోసింది నేను. బొటనేలికి సిరా ఉండె. సబ్బుతోని తోమితే పోలే. బూడిదతోని తోమిన. గీ సేతులతోని. నోరిప్పితే తోలు తీస్తనన్నడు. తియ్యుమను. ఇగ నేనెన్ని దినాలు బతుకుత?"

భూలక్ష్మి పుస్తకం జారవిడిచి ఆ చేతులు పట్టుకుంది.

అమీన్ సాహెబు లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. అంగడి అంగడంతా ఆయన నోటి వైపే చూస్తోంది. మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

ఇశ్రాయేలు మెట్టు మీద కూర్చున్నాడు. వాంగ్మూలానికి ఒళ్లో కొత్త కాగితం పెట్టుకున్నాడు. కలం సిరాలో ముంచాడు.

"పేరు చెప్పవ్వ. అందరికి వినబడాలె. గట్టిగ చెప్పు."

"ఎంకమ్మ," అందామె.